బొగ్గుబాయిలో అడుగూ మీటరూ

1871వ సంవత్సరమున, ఒకదాని ఊసు ఒకటి ఎరుగక, రెండు సంగతులు జరిగినవి. భారత భూగర్భ పరిశోధనశాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ నిజాము రాజ్యములోని ఇల్లెందు అడవులలో బొగ్గుపొరను కనుగొనెను. అదే సంవత్సరమున గవర్నరు జనరలు మేయో ప్రభువు ప్రభుత్వము, ఫ్రెంచివారి కిలోగ్రామునకు సమానమైన తూకమును ‘సేరు’ అను దేశీయనామముతోనే బ్రిటిషిండియాకు మూలప్రమాణముగా నిర్ణయించుచు ఒక చట్టమును చేసెను. కింగ్ కనుగొన్న పొర కాలక్రమమున సింగరేణియను మహాసంస్థగా విస్తరిల్లెను. చట్టమో, 1872 ఫిబ్రవరిలో మేయో అండమానులో హత్యకు గురియైన తరువాత దానిని పట్టించుకొనువారు లేక, ఎన్నడును అమలునకు రాక, కాగితమునందే నిలిచిపోయెను. ఆ చట్టము అమలైయున్నచో, నిజాము రాజ్యము దానికి బద్ధము కాకపోయినను, పొరుగున పాతుకొన్న పద్ధతి ఇచ్చటికిని వ్యాపించి, సింగరేణి గనుల తొలి పటములు మీటర్లలోనే గీయబడి యుండెడివేమో. అట్లు కానందున ఆ పని తొంబది సంవత్సరములు వెనుకబడెను. ఆ తొంబది సంవత్సరములలో అడుగు, టన్ను, గ్యాలను అనునవి మన భూగర్భమున ఎంత లోతుగా దిగినవనగా, నేడు సింగరేణివారి రామగుండము ప్రాంతమున మీటరు రాజ్యమేలుచున్నను, దాని లెక్కలను విప్పిచూచిన లోపల అడుగే కనబడుచున్నది.

ఆంగ్లేయుల కొలతలు ఇచ్చటికి రాజశాసనముచే వచ్చినవి కావు, యంత్రములతో వచ్చినవి. 1886లో ఇంగ్లండులో స్థాపితమైన హైదరాబాదు (దక్కను) కంపెనీ ఇల్లెందులో గనుల హక్కును పొంది 1889 నాటికి బొగ్గును వెలికితీయ నారంభించెను. బాయిలరు, పంపు, హాలరు, ఇనుపతాడు, రైలుపట్టా, కడకు మరచుట్టు సైతము సీమనుండి దిగుచుండగా, వాటిని నడుపు కొలత మాత్రము వేరొకటి ఎట్లగును? 1920 డిసెంబరులో సింగరేణి కాలరీస్ కంపెనీ అను నేటి పేరుతో హైదరాబాదు రాజ్యపు చట్టము క్రింద సంస్థ నమోదైనప్పుడు గాని, 1945లో నిజాము ప్రభుత్వము అందలి అధికభాగపు వాటాలను కొని దేశమునందే మొదటి సర్కారీ బొగ్గు కంపెనీగా దానిని మార్చినప్పుడు గాని, లెక్కపుస్తకములలో టన్ను 2,240 పౌనుల టన్నుగనే యుండెను. ఆ టన్నునకు 20 హండ్రెడ్‌వెయిట్లు. పేరునందు నూరు ఉన్నను ఒక్కొక్కటి 112 పౌనులు. ఇల్లెందు, బెల్లంపల్లి, కొత్తగూడెము గనులన్నియు ఈ లెక్కలోనే పుట్టి, ఈ లెక్కలోనే పెరిగినవి.

కాని బాయిలోనికి దిగు మనుష్యుడు ఆ లెక్కలో పుట్టినవాడు కాడు. అతని ఇంట గింజలు సోలతోను, తవ్వతోను, మానికతోను, కుంచముతోను కొలువబడుచుండెను. అంగడిలో సేరును, మణుగును, పల్లాయును నడచుచుండెను. చేను ఎకరములలోను గుంటలలోను ఉండెను. జీతము హాలీ సిక్కా రూపాయలలో ముట్టుచుండెను. ఆ హాలీ రూపాయలు ఏడు చేరిన గాని ఆరు ఇంగ్లీషు రూపాయలు కావు. అనగా ఒక్క దినమున తెల్లవారినది మొదలు ప్రొద్దుగ్రుంకువరకు ఆ కార్మికుడు మూడు నాలుగు ప్రమాణములను దాటుచుండెను. దాటినప్పుడెల్ల ఒక అణాయో, ఒక పిడికెడో ఎచ్చటనో జారిపోవుచుండెను. కొలతల వైవిధ్యమును మన సంస్కృతీవైభవముగా వర్ణించువారి మాటలు చదివినప్పుడు నాకు ఆ జారిపోయిన అణాయే గుర్తుకు వచ్చును. ఏకప్రమాణము లేని చోట నష్టపడువాడు ఎల్లప్పుడును లెక్క తెలియనివాడే.

అయినను అడుగునకు గల గుణములను తీసివేయుట న్యాయము కాదు. చీకటిలో, వంగి నడువవలసిన దారిలో, తల దీపపు వెలుతురు మాత్రమే ఆధారముగా గల చోట, కొలబద్ద మనుష్యుని శరీరమునకు దగ్గరగా ఉండుట గొప్ప సౌకర్యము. గనిలో పని చూచు సర్దారు చేతికఱ్ఱతో పైకప్పును తట్టి, గంగుమను గట్టి శబ్దమునకును, లోపల బోలుతనము తెలుపు మొద్దు శబ్దమునకును గల భేదమును చెవితో పట్టి, ‘ఇక్కడ ఒక దిమ్మె నిలుపు’మని చెప్పునప్పుడు, ముందటి దిమ్మెకును దీనికిని నడుమ దూరమును అతడు టేపుతో కొలువడు, పాదములతోనే కొలుచును. నాలుగడుగుల ఎడమును పాదము సులువుగా పట్టుకొనును, 1.2 మీటరును పట్టుకొను అవయవము శరీరమున లేదు. మరియు పండ్రెండంగుళముల అడుగు రెంటికిని, మూటికిని, నాలుగింటికిని, ఆరింటికిని శేషములేక తెగును. పది రెంటికిని అయిదింటికిని మాత్రమే తెగును. గ్యాలరీ, అనగా గనిదారి, వెడల్పును మూడు సమభాగములు చేసి దిమ్మెలు నిలుపవలసిన వడ్రంగికి ఈ భేదము పుస్తకములలోని విషయము కాదు, చేతిలోని పని.

అడుగు ఓడిపోవు చోటు వేరు. పొడవు ఘనపరిమాణముగా, ఘనపరిమాణము బరువుగా మారవలసిన చోట అది చేతులెత్తివేయును. బొగ్గుగనిలో దినదినమును చేయవలసిన లెక్క సరిగా అదియే. నూరడుగుల పొడవు, నూరడుగుల వెడల్పు, పదియడుగుల ఎత్తుగల పిల్లరులో, అనగా పైకప్పును మోయుటకు విడిచిన బొగ్గు స్తంభములో, ఎంత బొగ్గున్నదో తెలియవలెనన్న, మొదట లక్ష ఘనపుటడుగులని చెప్పుట సులభమే. తరువాత ఘనపుటడుగు నీటి బరువు 62.4 పౌనులని జ్ఞాపకము పెట్టుకొని, బొగ్గు నీటికంటె ఒకటిన్నర రెట్లు బరువైనదనుకొన్నచో దానిని 93.6 చేసి, 93,60,000 పౌనులు తెచ్చి, దానిని 2,240చే భాగించి, 4,178 టన్నుల పైచిలుకని తేల్చవలెను. ఇందు రెండు సంఖ్యలు, 62.4యు 2,240యు, ప్రకృతితో గాని గనితో గాని ఏ సంబంధమును లేనివి. కేవలము స్మృతికి బరువులు. ఇంచుమించు అదే పిల్లరు ముప్పది మీటర్ల చదరమై, మూడు మీటర్ల ఎత్తుగలదైనప్పుడు, 2,700 ఘనమీటర్లు, దానిని ఒకటిన్నరచే గుణించిన 4,050 టన్నులు, లెక్క ముగిసినది. ఘనమీటరు నీరు ఒక టన్ను తూగునట్లు ఫ్రెంచి విప్లవకాలపు శాస్త్రజ్ఞులు ప్రమాణమును కట్టుటచే కలిగిన లాభమిది. ఏడెనిమిది తరగతులు చదివినవాడు కాగితము లేకయే ఈ గుణకారమును చేయగలడు. పంపువద్దను ఇట్లే: గనిలో ఊరు నీటిని గ్యాలన్లలో లెక్కించి దాని బరువు కావలెనన్న పదిచే గుణించి పౌనులు తెచ్చుకొని, మరల టన్నుల కొఱకు భాగహారమునకు దిగవలెను, లీటర్లలో లెక్కించిన లీటరే కిలో.

ఈ లాభమును గుర్తించి దేశము కదలుటకు స్వాతంత్ర్యము రావలసివచ్చెను. 1956లో తూనికలు కొలతల ప్రమాణముల చట్టము వచ్చెను. 1957 ఏప్రిల్ 1వ తేదీన అణాలు పోయి నయాపైసలు వచ్చెను. 1958 అక్టోబరునుండి మెట్రిక్ తూకములు కొన్ని ప్రాంతములలోను పరిశ్రమలలోను ప్రవేశించి, 1962 ఏప్రిల్ నాటికి దేశమంతట తప్పనిసరియైనవి. రామగుండము చరిత్రలోని విశేషము ఇచ్చటనే గలదు. గోదావరి ఒడ్డున, కాజీపేట బల్లార్ష రైలుమార్గమునకు చేరువలో, గోదావరిఖని అను కొత్త పేరుతో బాయిలు తెరచుకొన్నది సరిగా ఈ సంవత్సరములలోనే. ఇల్లెందు, కొత్తగూడెములవలె పాత కొలతను విడిచి కొత్తదానిని నేర్చుకొనవలసిన అవసరము ఈ క్షేత్రమునకు లేకుండెను. మీటరును గోదావరిఖనియు ఒకే ఈడువారు. అందువలన ఇచ్చట అడుగు జాడయే ఉండరాదని తలంతుము. కాని బాయిలు తెరచినవారు, మొదట తట్టా చెమ్మస్ (బుట్టా పారా) పట్టినవారు, పాత క్షేత్రములనుండి వచ్చిన సర్దారులు, మందు పేల్చు షాట్‌ఫైరర్లు, కార్మికులు. వారితోపాటు వారి పాదములును వచ్చినవి. అంతకంటె ముఖ్యముగా, గనుల శాసనమే అడుగును తనలో దాచుకొని వచ్చెను.

2017వరకు అమలులోనుండిన 1957 నాటి బొగ్గుగనుల నిబంధనలలో, పిల్లరులను ఎంత పరిమాణమున విడువవలెనో తెలుపు ఒక పట్టిక ఉండెను. గనివృత్తిలో పరీక్షలకు చదువువారందరును దానిని కంఠస్థము చేసెడివారు. గ్యాలరీ వెడల్పు 4.8 మీటర్లను, ఎత్తు 3 మీటర్లను మించరాదని అందలి నియమము. వెడల్పుల వరుస 3.0, 3.6, 4.2, 4.8 మీటర్లు. లోతుల వరుస 60, 90, 150, 240, 360 మీటర్లు. కనిష్ఠమైన వెడల్పునకు పిల్లరు కేంద్రమునుండి కేంద్రమునకు 12, 13.5, 16.5, 22.5 మీటర్లు, ఇట్లు సాగును. పదులలో లెక్కించు పద్ధతికి 3.6 ఎందులకు, 4.2 ఎందులకు, 13.5 ఎందులకు అని విద్యార్థి అడుగడు, ఉపాధ్యాయుడు చెప్పడు. అడుగును 0.3 మీటరుగా తీసికొని వెనుకకు చదివిన సమస్తమును వెలుగునకు వచ్చును: వెడల్పులు 10, 12, 14, 16 అడుగులు, లోతులు 200, 300, 500, 800, 1,200 అడుగులు, పిల్లరులు 40, 45, 55, 75 అడుగులు. గుండ్రని అంకెలన్నియు అడుగులవైపుననే ఉన్నవి. సింగరేణి బాయిలో 4.8 మీటర్ల గ్యాలరీలో నిలిచినచో, మనము నిలిచినది పదునారడుగుల దారిలోనే.

ఇచ్చట ఒక సూక్ష్మము గలదు. అడుగు వాస్తవముగా 0.3048 మీటరు, దానిని 0.3గా కుదించుటచే ప్రతి పొడవును నూటికి ఒకటిన్నర పైచిలుకు తగ్గినది. పదునారడుగుల గ్యాలరీ 4.877కు మారుగా 4.8 అయి, దాదాపు మూడంగుళములు ఇరుకైనది. ఇది పైకప్పు భద్రతకు మేలు. నలువదియడుగుల పిల్లరు 12.19కు మారుగా 12 అయి చిక్కినది. ఇది కీడు వలె తోచును. కాని పిల్లరును, దారియు, లోతును అన్నియు ఒకే పాలున తగ్గినందున వాటి పరస్పర నిష్పత్తి చెడలేదు. గనిలో పైకప్పును నిలుపునది ఆ నిష్పత్తియే గనుక, శాసనకర్తలు లోతుల అంకెలను గూడ పిల్లరులతోపాటు కుదించుటచే అపాయము తప్పినది. ఒక వరుసను కుదించి వేరొకదానిని యథాతథముగా ఉంచియున్నచో, కాగితముపై కనబడని ఆ చిన్న భేదము భూగర్భమున బరువుగా పరిణమించెడిది. చిత్రమేమనగా, పాత టన్ను 1,016 కిలోలు, కొత్త టన్ను 1,000 కిలోలు. ఆ తగ్గుదలయు నూటికి ఒకటిన్నర పైచిలుకే. పొడవును బరువును ఒకే పాలున కుదించుకొని బాయి మీటరు లోకమున అడుగిడెను. వడ్రంగి కోరిన మూడు సమభాగముల సౌకర్యమును పోలేదు, 3.6 మీటర్లను మూడు చేసిన 1.2 వచ్చును. పండ్రెండు యొక్క విభాజ్యగుణమును పది తనలో కలుపుకొన్న విధానమిది. అడుగునకు చేయదగిన గౌరవము ఇంతకుమించి ఏమి గలదు?

ఇంతవరకు చెప్పినది ఇంజనీరు కొలత, శాసనపు కొలత. కార్మికుని కొలత ఈ రెండును కాదు. అతని కొలత టబ్బు, బొగ్గు మోయు ఇనుపతొట్టి. పేలుడుతో పొర ముఖమునుండి రాలిన బొగ్గును చెమ్మస్‌తో తట్టకెత్తి, తట్టను తలపైనో భుజముపైనో మోసి, టబ్బులో పోసి, నిండిన టబ్బు హాలరు తాడునకు తగిలి మీదికి పోవువరకు చేసిన శ్రమకంతటికిని విలువ టబ్బుల లెక్కపై ఆధారపడిన కాలము చిరకాలము సాగినది. దేశపు బొగ్గుగనుల జీతపు లెక్కలలో తరచుగా కానవచ్చు 36 ఘనపుటడుగుల టబ్బు కొత్త పద్ధతిలో 1.02 ఘనమీటరుగా వ్రాయబడెను. వ్రాత మారినది గాని ఇనుపతొట్టి మారలేదు. తొట్టి ఘనపరిమాణమును కొలుచును, బొగ్గు బరువునకు అమ్ముడుపోవును; ఈ రెంటి నడుమనే కలహము పుట్టును. పెద్ద గడ్డలు వేసిన సందులు మిగులును, పొడి వేసిన బిగియును; తడిసిన బొగ్గు తూకమెక్కును. ధాన్యమును కుంచముతో రాశిగా పోసి కొలుచుటకును, తలగొట్టి కొలుచుటకును గల భేదము పల్లెలలో ఎన్ని తగవులకు మూలమైనదో, టబ్బు అంచువరకు నిండినదా, అంచుపైకి పొంగినదా అను ప్రశ్న గనులలో అన్ని తగవులకును మూలము.

ఇంగ్లండు కార్మికులు ఈ బాధను మనకంటె ముందే ఎరిగిరి. 1860 నాటి అచ్చటి గనుల చట్టము, బాయి మూతివద్ద కంపెనీ తూకపువాని ప్రక్కన తమ పక్షమున తూకమును సరిచూచుటకు ఒక మనుష్యుని తామే ఎన్నుకొను హక్కును కార్మికులకు ఇచ్చెను. 1887 చట్టము ఆ హక్కును బలపరచెను. ఆ మనుష్యుని జీతమును కార్మికులే తమ సంపాదననుండి చందా వేసికొని ఇచ్చెడివారు. అట్టివారిలోనుండియే అనేకులు కార్మికనాయకులై పార్లమెంటువరకు పోయిరి. వారు పోరాడినది హండ్రెడ్‌వెయిట్ కొఱకు గాని, దానికి వ్యతిరేకముగా గాని కాదు. ఏ తూకమైనను దానిని చూచు కన్ను తమదిగా ఉండవలెనని పోరాడిరి. మెట్రిక్ పద్ధతి గుణదోషములను చర్చించువారు ఈ సంగతిని విస్మరించుట నాకు మిక్కిలి ఖేదకరము. దశాంశము లెక్కను సులభము చేయును. సులభమైన లెక్కను ఎక్కువమంది సరిచూడగలరు. కిలోగ్రామునకు గల పరమోత్కృష్ట గుణము అదియే గాని శాస్త్రీయత యొక్కటే కాదు. 1975నుండి వర్తించిన జాతీయ బొగ్గు వేతన ఒప్పందములును, వాటి వెంట బొగ్గు నెత్తిపోయు ఎస్.డి.ఎల్. యంత్రములును వచ్చిన తరువాత తట్టా చెమ్మస్ క్రమముగా తగ్గి, టబ్బు లెక్కపై జీతమును వెనుకబడినది.

ఉపరితలపు గనులకు వచ్చుసరికి కొలతయే రెండు ముఖములదైనది. 1970ల నడుమనుండి రామగుండము ప్రాంతమున ఓపెన్‌కాస్టులు విస్తరించినకొలది, తొలగించు మట్టిని ఘనమీటర్లలోను, తీసిన బొగ్గును టన్నులలోను లెక్కించి, టన్ను బొగ్గుకు ఎన్ని ఘనమీటర్ల మట్టియను నిష్పత్తితో గని లాభనష్టములను తేల్చుచున్నారు. ఘనపుగజములకును టన్నులకును నడుమ ఇట్టి నిష్పత్తిని కట్టవచ్చును గాని, డంపరు బరువునకు దానిని మార్చుకొనుటలో మరల 2,240 ఎదురగును. బొగ్గు వేడిమి విలువయు నేడు కిలోకు కిలోకేలరీలలోనే. 2012నుండి వచ్చిన గ్రేడులు 300 కిలోకేలరీల మెట్లుగా సాగుచున్నవి. 1983లో తొలి యూనిట్ నడచిన ఎన్.టి.పి.సి. కేంద్రమునకు ప్రతి రైలునందును పోవు బొగ్గు ధర దీనిపైననే నిలిచియున్నది. బొగ్గు వ్యాగన్లను కాజీపేట బల్లార్ష మార్గమున మోయు పట్టాల నడుమ దూరము మాత్రము 1,676 మిల్లీమీటర్లు. ఆ అంకె అయిదడుగుల ఆరంగుళములకు మారువేషము. దానిని 1,700 చేయుటకు ఎవ్వరును పూనుకొనరు, పూనుకొనరాదు. స్థిరమైయున్న ఇనుమును అంకె అందము కొఱకు కదలించుట అవివేకము. వర్క్‌షాపులలో పైపులు నేటికిని ‘నాలుగించులు’, ‘ఆరించులు’ అనియే పిలువబడుచుండుటను గూడ నేను వెనుకబాటుగా భావింపను.

భూమివద్ద మాత్రము విషయము వేరు. ఓపెన్‌కాస్టు కొఱకు, మట్టి దిబ్బల కొఱకు, రామగుండము చుట్టుపట్ల పల్లెల భూములు పోయినవి, పోవుచున్నవి. ఇచ్చోట భూమిని కోల్పోవువాడు ఒక కొలతలోను, తీసికొనువాడు వేరొక కొలతలోను మాటలాడుదురు. రైతు పాసుపుస్తకము ఎకరములు, గుంటలు. బొగ్గుభూముల ప్రకటనలు హెక్టార్లు. ఊరిలో ఇంటిజాగా గజములు. 33 అడుగుల గొలుసును నలుదిక్కుల పరచిన ఒక గుంట. అనగా 121 చదరపు గజములు. 40 గుంటలు ఎకరము. ఈ లెక్క తెలంగాణమున పాలేరునకు సైతము నోటికి వచ్చును. హెక్టారు నోటికి రాదు. మెట్రిక్ పద్ధతిని మనసార సమర్థించు నేను, ఈ ఒక్కచోట ప్రకటనకర్తలు హెక్టారు ప్రక్కన ఎకరము గుంటలను గూడ అచ్చువేయవలసిన విధి గలదని గట్టిగా చెప్పుదును. అట్లు వేయని కాగితము చేతికి వచ్చినప్పుడు రైతు భయపడనక్కరలేదు. హెక్టారులో నూరవభాగము నూరు చదరపు మీటర్లు; గుంట 101.17 చదరపు మీటర్లు. రెంటి భేదము నూటికి ఒకటి. కావున 1.42 హెక్టార్లని ఉన్నచో చుక్కను తీసివేసి 142గా చదివి, అందు నూటికి ఒకటి చొప్పున ఒకటిన్నరను తగ్గించిన 140న్నర గుంటలు వచ్చును. దానిని నలువదిచే భాగించిన మూడెకరముల ఇరువది గుంటల పైచిలుకు. తహసీలు కార్యాలయమున చెప్పిన లెక్క దీనితో సరిపోలనిచో, సంతకము చేయక మునుపే సర్వేయరును పిలిపించి గొలుసు వేయించుమని అడుగుటకు అతనికి సంపూర్ణమైన హక్కు గలదు.